కోటేశ్వరరావు షుగర్ అయిదొందలు

నరసరావుపేటలో మా వీధి ల్యాబ్ వాళ్లకు, రిపోర్టులు ఫోన్‌లోనే చూసుకునేలా ఒక వెబ్ అప్లికేషన్ తయారుచేసి ఇచ్చాను. మర్నాడే పక్కింటి పిన్ని ఏడుస్తూ కేకేసింది.

"అమ్మాయ్, మీ బాబాయికి షుగర్ అయిదొందలంట! ఏంది తల్లీ ఇది?"

పరుగెత్తాను. ఫోన్‌లో బాబాయి పేరుతోనే 'కోటేశ్వరరావు, షుగర్ 500' అని ఉంది. పొద్దున్నే రక్తమిచ్చొచ్చిన బాబాయి చెమటలు కక్కుతూ మంచం మీద పడున్నాడు. ఆటో పిలవబోతూ ఆగిపోయాను. ఆ అంకె నాదే! సర్వర్ నుంచి అసలు రిపోర్టు వచ్చేదాకా తెర ఖాళీగా ఉండకూడదని, అప్లికేషన్‌లో డిఫాల్ట్ డేటాగా, అంటే ఉత్తుత్తి నమూనాగా, నేనే పెట్టాను. పేరూ నోటికొచ్చిందే పెట్టాను. ఆ పేరుగల దేవుడు వెలసిన కోటప్పకొండ పక్కనే ఉంటూ, ఇంటికో కోటేశ్వరరావు ఉంటాడన్న సంగతే మరిచాను.

ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం డాబా ఎక్కాను. అంకె మారింది. నూటపది! ఆ అయిదొందలు నేను పెట్టిన ఉత్తుత్తి అంకేనని, అసలుది నూటపదేనని అక్కణ్ణుంచే అరిచి చెప్పాను.

బాబాయి లేచి కూర్చున్నాడు. "ఆ పెట్టేదేదో తొంభై పెట్టకపోయావా తల్లీ!"

పిన్నితో పాటు నేనూ నవ్వాను. కానీ తొంభై పెట్టి ఉంటే, నిజంగా అయిదొందలున్న కోటేశ్వరరావు ఎవరో అది చూసుకుని నిశ్చింతగా మిఠాయి తినేవాడు. ఆ పూటే పేరూ అంకే తీసేశాను. ఇప్పుడక్కడ 'రిపోర్టు వస్తోంది, కంగారుపడకండి' అని మాత్రమే కనబడుతుంది.