ఆరో టోపీ

దెయ్యాల సంగతులు రాసుకుని పత్రికాఫీసుకు వచ్చేవాళ్లను పదిహేనేళ్లపాటు టీ తాగించి పంపేసినవాణ్ని నేను. జిల్లా డెస్కులో అలాంటి కాగితం ఒక్కటి కూడా అచ్చుకు వెళ్లనివ్వలేదు. ఇప్పటికీ వాటిని నమ్మను. కానీ తాయిఫ్ కొండ మీద మేం ఏడుగురం చూసింది ఏమిటో మాత్రం నాకు తెలియదు.

పత్రిక నాకు నేర్పింది ముఖ్యంగా లెక్క. బస్సు బోల్తా పడితే పోలీసులు ఒక అంకె చెబుతారు, ఆసుపత్రివాళ్లు ఇంకొకటి చెబుతారు. అందుకే నేనే వెళ్లి, రెండుసార్లు లెక్కపెట్టుకుని, అప్పుడు రాసేవాణ్ని.

సౌదీ వచ్చి ఒక కాంట్రాక్టు కంపెనీలో హాజరు రాసే టైమ్‌కీపర్‌గా చేరాక కూడా పని అదే అయింది. తాయిఫ్ ఎక్కే ఘాట్ రోడ్డు మీదికి బండలు దొర్లకుండా కొండకు ఇనుప వల బిగిస్తున్నాం. నిటారుగా ఉన్న ఒక చీలికలోకి పనివాళ్లు తాళ్ల మీద దిగి, వదులైన రాళ్లను గడ్డపారలతో పెకిలించేవాళ్లు. తాళ్లు పక్కనున్న గట్టు మీద కట్టేవాళ్లం. ఐదు తాళ్లు, ఐదుగురు మనుషులు. అందరిదీ జగిత్యాల వైపే.

ఫోర్‌మన్ ఖాదర్ భాయ్‌ది కడప. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. భోజనం తర్వాత మళ్లీ దిగేముందు ఆయనొకసారి, నేనొకసారి వేరువేరుగా తలలు లెక్కపెట్టాలి. రెండు లెక్కలూ ఐదైతేనే తాడు దిగాలి. వెనకటికి ఇంకో సైట్‌లో ఒక మనిషిని తాడు మీదే మరిచిపోయి అందరూ అన్నానికి వెళ్లిపోయారట. ఆ భయం ఆయనకు పోలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఎండ బాగా కాస్తోంది. మా పైన మబ్బు లేదు. పనివాళ్లవి పసుపు టోపీలు, ఖాదర్ భాయ్‌దీ నాదీ తెల్లవి. నేను పసుపు టోపీలు లెక్కపెట్టాను. ఆరు వచ్చాయి.

ఎండకు కళ్లు తిరిగాయేమో అనుకుని మళ్లీ లెక్కపెట్టాను. ఆరే. ఖాదర్ భాయ్ వైపు చూశాను. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"నాకూ ఆరే వస్తాండాది సార్," అన్నాడు మెల్లగా.

రాజేశం అప్పటికే తాడు తగిలించుకుని ఒక కాలు అంచు కిందికి పెట్టాడు. ఐదుగురిలో పెద్దవాడు, పని తెలిసినవాడు, నోరు కూడా ఎక్కువే. పైకి రమ్మన్నాను.

"పొద్దుగాల్నుంచి ఐదుగురమే ఉన్నం గదనే! పేపర్ల పన్జేసినప్పుడు గూడ గిట్లనే లెక్కలు రాసినవా అన్నా?"

మిగతావాళ్లు నవ్వారు. నవ్వినా సరే, లెక్క కుదిరేదాకా ఒక్కడూ దిగడానికి వీల్లేదని ఖాదర్ భాయ్ గట్టిగా అరిచాడు. రాజేశం గొణుక్కుంటూ ఎక్కి వచ్చి, నడుం దగ్గర కొక్కెం విప్పేసి, వరసలో ఎడమ చివర నిలబడ్డాడు.

ఈసారి పెన్ను వెనక వైపుతో ఒక్కో టోపీనీ తడుతూ నడిచాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరు. ఆరోసారి కూడా పెన్ను గట్టి ప్లాస్టిక్‌కు తగిలింది. ఆ చప్పుడు విన్నాను. తల తిప్పి చూస్తే అన్నీ తెలిసిన ముఖాలే. పేర్లు పిలిచాను. ఐదుగురు పలికారు.

అప్పుడు పైనుంచి చప్పుడు వచ్చింది. కంకర లారీలు ఒకదాని వెనక ఒకటి ట్రాలీ ఎత్తి గుమ్మరించినట్టు.

మాకు కనిపించని పైభాగంలో రాళ్లవాన పడింది. ఆ వడగళ్లన్నీ చీలికలోకి చేరి, బురదనీ బండలనీ కలుపుకుని, తెల్లటి గోడలా కిందికి వచ్చాయి. అంత ఎండలో ఒక్కసారిగా చల్లగాలి ముఖానికి కొట్టింది. గట్టు మీద కట్టిన ఐదు తాళ్లూ బిగుసుకున్నాయి. రెండు తెగిపోయాయి. నిమిషం కూడా పట్టలేదు. మా వల, మా గడ్డపారలు, ఉదయం మావాళ్లు కాళ్లు ఆనించిన బండలు, ఏవీ లేవు.

ఖాదర్ భాయ్ మళ్లీ లెక్కపెట్టాడు. ఐదు. నేను లెక్కపెట్టాను. ఐదు.

రాజేశం కింద కూలబడ్డాడు. చీలికలోకి చూస్తూ అడిగాడు. "ఆరోటోడు ఏడీ అన్నా?"

అంతసేపూ నన్ను ఎగతాళి చేసినవాడే ఆ మాట అడిగాడు.

రక్షణ సిబ్బంది వచ్చినప్పుడు ఆరుగురని, ఒకడు కనిపించడం లేదని చెప్పాను. కంపెనీ ఇంజనీరు నన్ను పక్కకు పిలిచి, ఐదు ఇకామా కార్డులు, ఐదుగురు మనుషులు, ఆరోవాడు ఎవడని కోప్పడ్డాడు. అయినా వెతకమన్నాను. కింద రోడ్డు మీద పడిన మేటను రెండు రోజులు తవ్వారు. వడగళ్లు కరిగిపోయాయి. తాడు ముక్కలు దొరికాయి, వంగిన గడ్డపారలు దొరికాయి. మనిషి జాడ లేదు. పసుపు టోపీ కూడా లేదు.

ఈలోగా నేను ఐదుగురినీ విడివిడిగా, ఒకరి మాట ఒకరికి వినపడకుండా అడిగాను. వరసలో నిలబడ్డప్పుడు తన ఎడమ పక్కన ఒక మనిషి ఉన్నాడని ఐదుగురూ చెప్పారు. రాజేశం కూడా అదే చెప్పాడు. అతని ఎడమ పక్క నేల లేదు. అక్కడితో గట్టు అయిపోతుంది.

"ముఖం చూసినవా?" అన్నాను.

"పక్కపొంటి నిలవడ్డ పనోని ముఖం ఎవడు సూస్తడన్నా?" అన్నాడు.

ఎండ దెబ్బ అన్నాడు కంపెనీ డాక్టరు. నా ఒక్కడికే అయితే ఒప్పుకునేవాణ్ని. ఖాదర్ భాయ్ నాకు పది అడుగుల అవతల నిలబడి వేరుగా లెక్కపెట్టాడు. పెన్నుకు తగిలిన ఆ ప్లాస్టిక్ ఎవరిదో డాక్టరు చెప్పలేదు. నేనూ చెప్పలేను.

మూడో రోజు పొద్దున తవ్వకం ఆపేముందు ఒక కాగితం నా ముందు పెట్టారు. పనిలో ఉన్నవారు ఐదుగురు, అందరూ క్షేమం, ఎవరూ తప్పిపోలేదు. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. లెక్క కుదరకపోబట్టే ఐదుగురూ బతికారు. నేను సంతకం పెట్టాక తవ్వే యంత్రం ఆగింది. కింద ఇంకా ఒక మనిషి ఉండగానే ఆపించేశానా అన్న అనుమానం నన్ను ఈ రోజుకీ వదల్లేదు.