ఉగ్గుగిన్నెలో ఆముదం

మా తమ్ముడు మార్టిన్ జాగ్రత్త మనిషి. జాగ్రత్త అనడం నా మర్యాద, అది చాదస్తం. గ్యాస్ కట్టేశానో లేదోనని చర్చి గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిన రోజులున్నాయి. అలాంటివాడి ఇంట్లో ఇది జరిగిందంటే నాకిప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

హనుమాన్ జంక్షన్‌లో లేతు షాపులో పని చేసేవాడు. ఆ షాపు మూతపడ్డాక రెడ్డిగూడెంలో దశరథరామయ్యగారి మామిడితోటకు కాపలా ఒప్పుకున్నాడు. అక్కడ కోతుల బెడద. ఆయన ఎయిర్‌గన్ ఇచ్చి, కోతికి దెబ్బ తగిలితే మాత్రం ఊరుకోనన్నారు. అందుకని వీడు చెట్లకు రేకులు వేలాడదీసి, గన్‌తో ఆ రేకులను కొట్టేవాడు. ఆ మోతకు కోతులు పరుగో పరుగు. కొన్న సీసపు గుళ్ళు తేలికగా ఉన్నాయని, మోత చాలడం లేదని, తానే చేసుకోవడం మొదలుపెట్టాడు.

పంక్చర్ షాపుల్లో కారు చక్రాల నుంచి తీసేసిన సీసం ముక్కలు తెచ్చి తోటలోనే కరిగించేవాడు. సన్నటి కడ్డీలుగా పోసి, ముక్కలు కోసి, ఇంటి వెనక వసారాలో తాను చేసుకున్న అచ్చులో పెట్టి ఒత్తేవాడు. మూతికి గుడ్డ, చేతులకు గ్లవ్స్, పనయ్యాక స్నానం. సీసం పసిపిల్లలకు విషమని నాకు చెప్పిందే వాడు. వాడి కూతురు షాలోమికి అప్పుడు ఏడో నెల.

సీసం అచ్చుకు పట్టేయకుండా ముందు ఆముదంలో ముంచాలి. దానికి అటక మీది ఇత్తడి ఉగ్గుగిన్నె దించాడు మహానుభావుడు. చిన్నప్పుడు మా ఇద్దరికీ అమ్మ ఆముదం పట్టింది ఆ గిన్నె ముక్కుతోనే. పిల్లకు అందకుండా పై గూట్లో పెట్టేవాడు. అక్కడికి అమ్మ చెయ్యి అందుతుందని మాత్రం తోచలేదు.

ఓ శనివారం తోట నుంచి పెందలాడే వచ్చేసరికి, మా అమ్మ ఇన్నమ్మ వసారాలో కాళ్ళు చాపుకుని, షాలోమిని పడుకోబెట్టుకుని, ఆ గిన్నె పిల్ల నోట్లో పెట్టి ఉంది. కంట్లో శుక్లం ఉన్న మనిషికి అడుగున నల్లటి మడ్డి ఏం కనిపిస్తుంది? మనవరాలి కోసమే కోడలు ఆముదం తీసిపెట్టిందనుకుంది.

మార్టిన్ నాకు ఫోన్ చేశాడు. నేను పరుగున వెళ్ళాను.

ఎన్నిసార్లు పట్టావని అడిగితే ఒక్కసారేనంది అమ్మ. ఆ మాట పట్టుకునే బతికాం. విజయవాడలో పిల్ల రక్తం తీసుకున్నారు, రిపోర్టుకు నాలుగు రోజులన్నారు. ఆ నాలుగు రోజులూ మాకు పిల్ల ఏం చేసినా భయమే. నిద్రపోతే ఎందుకింత నిద్రని, ఏడిస్తే ఎక్కడ నొప్పోనని. మరదలు అనూష పిల్ల వెనక నిలబడి చప్పట్లు కొట్టి, తల తిప్పుతుందా అని చూసేది. తిప్పిన ప్రతిసారీ మళ్ళీ కొట్టేది. మార్టిన్ పిల్లను ముట్టుకోలేదు. గోళ్ళ సందుల్లో బ్రష్షుతో రుద్దీ రుద్దీ వేళ్ళు పుళ్ళు చేసుకున్నాడు.

రిపోర్టులో సీసం ముప్పై ఒకటి అని వచ్చింది. ఐదు దాటితేనే ఆలోచించాలట. డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి, "ఒక్కసారికి ఇంత రాదండీ" అంది.

నేను ఆసుపత్రి అని కూడా చూడకుండా అమ్మ మీద అరిచాను. అమ్మ నా వైపు చూడలేదు, మార్టిన్ వైపు చూసింది.

"తోటలో పిందె పడ్డప్పటి నుంచీ ప్రతి శనివారం పట్టాను నాయనా. గిన్నెలో తగ్గితే నేనే పోసేదాన్ని. అన్నిసార్లని చెబితే పిల్లని మళ్ళీ నా ఒళ్ళో పెట్టరేమోనని భయమేసింది."

గిన్నె ఎప్పుడూ నిండుగానే ఉంటే అనూష పోస్తోందనుకున్నాడట వాడు. ఒక్కరోజు అడిగి ఉంటే ఏం పోయేది? ఇప్పటికి పెద్ద మందులు అక్కర్లేదని, ఐరన్ చుక్కలు వేస్తూ నెలకు మళ్ళీ రక్తం చూడాలని డాక్టరమ్మ చెప్పింది. మాటలూ నడకా ఎలా వస్తాయో కనిపెట్టి చూసుకోమంది. ఇప్పుడే ఏమీ చెప్పలేమంది.

అచ్చూ గిన్నే ఇంట్లో లేవు. మార్టిన్ ఇప్పుడు చెట్టు చెట్టుకూ తిరిగి కర్రతో రేకులు కొడుతున్నాడు. అమ్మను ఎవరూ ఒక్క మాట అనలేదు, అరిచిన నేను తప్ప. అయినా నెల నుంచీ అమ్మ పిల్లను ఎత్తుకోలేదు.

రేపు రెండోసారి రక్తం తీస్తారు. ఇవాళ సాయంత్రం మార్టిన్ షాలోమిని తెచ్చి అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టాడు. అమ్మ రెండు చేతులూ గాల్లోనే ఉంచేసింది.

"పట్టుకో అమ్మా, జారిపోతుంది" అన్నాడు.

అమ్మ అరచేతులు వాడికి చూపించింది.

"శుభ్రంగా కడుక్కున్నానంటావా నాయనా?"