గట్టిగనా, మెల్లగనా అని అడిగిన సుగుణక్క

మొయినాబాద్ సుగుణక్క ఇక లేరన్న మాట చేవెళ్లలోని నా బట్టల దుకాణంలోనే విన్నాను. ఆమె మీద అపవాదు పుట్టింది కూడా ఈ దుకాణంలోనే. పుట్టించింది నేను. దాన్ని తుడవాల్సిందీ నేనే.

అక్క ఎంకపల్లి రైతుబిడ్డ. పట్నంలో థెరపీ చదివి, కొన్నేళ్లు దవాఖానలో పనిచేసి, మొయినాబాద్‌లో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. చప్పుడును, వెలుగును, స్పర్శను తట్టుకోలేని పిల్లలకు అక్కడ సాధన. ఉయ్యాల, జొన్నల తొట్టి, బొంతలు, అంతే సరంజామా. గోడకు గడియారం కూడా ఉండేది కాదు. "టిక్కుటిక్కుమంటది తమ్మీ, మా పిల్లలకు అది సుత్తెదెబ్బ" అనేవారు. ఎవరినైనా ముట్టుకునే ముందు అడిగేవారు: "గట్టిగనా? మెల్లగనా? అసలే వద్దా?" వద్దంటే ఆ రోజుకు వద్దే.

మా కావ్యకు అప్పుడు ఏడేళ్లు. బట్టల దుకాణందారు కూతురై ఉండి, కొత్త గౌను తొడిగితే కెవ్వుమనేది. మెడ దగ్గరి లేబుల్ ముల్లులా గుచ్చేదట. అక్క దగ్గర చేర్పించాం. ఒకరోజు చెప్పకుండా వెళ్లి చూస్తే, తల మాత్రం బయట ఉంచి, నా బిడ్డను బొంతలో బిగించి చుట్టారు అక్క. నేను ఒక్క మాట అడగలేదు. బొంత లాగేసి, "పిల్లల్ని మూటగడ్తున్నవా?" అని అరిచి ఎత్తుకొచ్చేశాను. దారంతా బిడ్డ ఏడ్చింది. భయపడిందనుకున్నాను.

వచ్చిన గిరాకీకల్లా ఆ మాటే చెప్పాను. చీరలకంటే వేగంగా పోయింది. నెలల తరబడి ఆ గదులు ఖాళీగా ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం అక్కే దుకాణానికి వచ్చారు. చీరలు చూస్తున్న ఆడవాళ్లు గుసగుసలాడారు.

"తమ్మీ, మందమైన బట్ట ఏమున్నది? జర బరువుండాలె."

"ఎందుకక్కా?"

"మూటలు గట్టనీకి!" అని పకపకా నవ్వారు. దుకాణమంతా నవ్వింది, నేను తప్ప.

ఆ సాయంత్రం కావ్య నేల మీద దుప్పటి పరిచి, అంచున పడుకుంది. "బాపూ, చుట్టు. గట్టిగ. సుగుణత్త అడిగితే ఆ రోజు గూడ నేనే గట్టిగ అన్న." చుట్టాను. బిడ్డ హాయిగా ఊపిరి వదిలింది. ఆ రోజు దారంతా ఏడ్చింది నేను బొంత లాగేసినందుకని అప్పుడు తెలిసింది.

మర్నాడే మొయినాబాద్ వెళ్లాను. "పిల్లనే అడిగిందని అందరి ముందట చెప్తే అయిపోవు గదక్కా?" అన్నాను.

"బిడ్డ సంగతి బజార్ల పెడ్తనా? అది దాని ముచ్చట. నా పేరుకేమైతది తమ్మీ, మరక పడ్డది, ఉతికితే పోతది."

కావ్యను మళ్లీ పంపాను. మరక మాత్రం ఉతకలేదు. నేను తప్పు చెప్పానని ఒక్క గిరాకీతోనూ అనలేకపోయాను. పిల్లలు మెల్లమెల్లగా తిరిగొచ్చారు గానీ, "మూటల మేడమ్" అన్న పేరు చేవెళ్లలో ఇంకా వినిపిస్తుంది.

ఇప్పుడు కావ్య చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, లేబుల్ కత్తిరించిన డ్రెస్సు వేసుకుని, ఒంటరిగా మెహదీపట్నం బస్సెక్కుతుంది. సంతాప సభలో నన్ను మాట్లాడమన్నారు. ఈసారి ముందే అడిగాను: "బిడ్డా, నీ సంగతి చెప్పొచ్చా?"

"చెప్పు బాపూ. గని మైకుల చెప్పకు, చెవులు పగుల్తయి."

అందుకే రాస్తున్నాను. సుగుణక్క ఎవరినీ మూటగట్టలేదు. అడిగి, ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా చుట్టారు. అట్లా అడిగే మనిషి ఈ చుట్టుపక్కల మరొకరు లేరు. అక్కా, ఉతకడం ఆలస్యమైంది. క్షమించు.