పెదనాయనకు చెప్పని హంతకులు

మా నాయన బిట్రగుంటలో గూడ్సు గార్డు. డ్యూటీకి వెళ్లేటప్పుడు టిఫిన్ క్యారియర్‌తో పాటు సంచిలో డిటెక్టివ్ నవల ఒకటి ఉండాల్సిందే. అన్నింటిలోనూ ఒకే డిటెక్టివ్. పరుగెత్తే రైలు మీంచి దూకుతాడు, పేజీకోసారి పిస్తోలు పేలుస్తాడు, చివరి అధ్యాయంలో అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి హంతకుణ్ణి చూపిస్తాడు. అమ్మ లేని ఇంట్లో మా ఇద్దరికీ ఆ పుస్తకాలే కాలక్షేపం. సగంలో ఆపి, “ఎవురనుకుంటా ఉండావు?” అని నాయన అడిగేవాడు. నేను చెప్పింది ఎప్పుడూ తప్పే అయ్యేది.

నేను టీచర్ ట్రైనింగ్‌లో ఉండగా ఆయన పోయాడు. రైల్వే క్వార్టర్స్ ఖాళీ చేయాల్సి వచ్చింది. సామానంతా పెదనాయన బండి కట్టించి అల్లూరులో తన ఇంటికి తోలించాడు. సెలవులకు వెళ్లి పుస్తకాల పెట్టె తెరిస్తే ఖాళీ.

“నీళ్ల పొయ్యిలోకి పనికొచ్చినాయి. పిల్లకాయలకు పాఠాలు చెప్పబోయేదానివి, నీకెందుకా పాడు రాతలు? మీ నాయన బుద్ధే అంత,” అన్నాడు పెదనాయన.

పెద్దమ్మ బియ్యం చెరుగుతూ, గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది.

“ఒక్కోటీ చదివినాకనే పొయ్యిలో పెట్టినాడమ్మే. నెలన్నర పట్టింది.”

కాల్చినందుకు ఏడ్చాను. చదివి కాల్చాడని తెలిశాక ఏడుపు ఆగిపోయింది.

సూళ్లూరుపేటలో ఉద్యోగం వచ్చాక చాలాకాలం వాటి జోలికి పోలేదు. ఒకరోజు స్టేషన్‌లో పుస్తకాల కొట్లో ఒక నవల అట్ట మీద అదే డిటెక్టివ్ కనిపించాడు. కొని, అట్ట వేసి, పైన ‘ఆరోగ్యశాస్త్రం’ అని రాసుకుని స్కూల్లోనే చదివాను. భాష ముతక, కథలో ఎన్ని కంతలో. వ్యాకరణం చెప్పే నాకు సిగ్గుగానే ఉండేది. అయినా వదల్లేదు. ప్రతి కథలోనూ దుర్మార్గుడికి పెదనాయన మీసాలు తగిలించుకునేదాన్ని. అలా ఆయనకు ఏడెనిమిదిసార్లు ఉరిశిక్ష పడింది.

1960ల్లో ఒక వేసవిలో పెదనాయనకు నెల్లూరులో శుక్లాల ఆపరేషన్ అయింది. రెండు కళ్లకూ కట్టు కట్టి, ఇంటికెళ్లి కదలకుండా వెల్లకిలా పడుకోమన్నారు. పెద్దమ్మకు సాయంగా నేను అల్లూరు వెళ్లాను. రెండు రోజులు పురాణం చదివించుకున్నాడు. మూడోనాడు పెద్దమ్మ పొలం వైపు వెళ్లగానే గొంతు సవరించుకున్నాడు.

“అమ్మాయ్, మీ నాయన తెచ్చే పుస్తకాల్లాంటివి ఏమన్నా ఉండాయా నీ దగ్గిర?”

“ఉండాయి పెదనాయనా,” అన్నాను.

చాలా చక్కగా చదివాను. తలుపు కిర్రుమన్నప్పుడు గొంతు తగ్గించాను, పిస్తోలు పేలినప్పుడు పెంచాను. డిటెక్టివ్ అందరినీ గదిలోకి పిలిచాడు. పుస్తకం మూసేశాను.

“ఏందే ఆపినావు?”

“ఇంక లేదు.”

“పేజీలు పోయినాయా?”

“ఉండాయి. నేను చదవను.”

ముందు తిట్టాడు, తర్వాత బతిమాలాడు. మర్నాడు రెండోది మొదలుపెడితే వద్దనలేకపోయాడు. అదీ అక్కడే ఆపాను. మూడోది కూడా అంతే. లేవడానికి లేదు, కళ్లు తెరవడానికి లేదు. మంచం పట్టె పట్టుకుని పళ్లు నూరుతుంటే చూస్తూ కూర్చున్నాను. కాస్త జాలి పుడుతుందేమోనని కాచుకున్నాను. పుట్టలేదు.

కట్టు విప్పిన రోజు, మూడు నెలలు అక్షరం ముట్టుకోకూడదన్నాడు డాక్టరు. నాకు నవ్వు ఆగలేదు. మూడు పుస్తకాలూ సర్దుకుని సూళ్లూరుపేటకు రైలెక్కాను.

మళ్లీ సెలవులకు వెళ్లేసరికి ఆయనకు దళసరి అద్దాలు వచ్చాయి. వసారాలో నన్ను కూర్చోబెట్టుకుని, పెద్దమ్మ దగ్గర లేకుండా చూసి అన్నాడు.

“ఆ పుస్తకాలు తగలబెట్టడం నాది తప్పే. చెప్పు, ఎవురు చంపింది?”

అంతమాట ఆయన నోట వస్తుందనుకోలేదు. మొదటి కథలో హంతకుడు ఫలానా వకీలని చెప్పాను. తొడ మీద చరుచుకుని, “నేనప్పుడే అనుకున్నా!” అన్నాడు. “తక్కిన రెండిట్లో?”

“పుస్తకాలు కాల్చినందుకు ఒకటి చెప్పినా. మా నాయన బుద్ధే అంతన్నావే, ఆ మాట సంగతేంది?”

ఆయన అద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు. తిరిగి పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. తర్వాత రెండేళ్లు బతికాడు. మళ్లీ అడగలేదు. నేనూ చెప్పలేదు.