ఇద్దరూ ఉన్న ఫోటో

మంగళవారం ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు నా భయం మొదలైంది. పక్కింటి వదిన స్టీలు పళ్లెంలో ఒక ఫోటో పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. వానకు రేకుల సందుల్లోంచి నీరు కారి, ఫోటో ఫ్రేము అద్దానికి అంటుకుపోయిందట. లాగితే ముఖాలతో సహా బొమ్మంతా అద్దం మీద మరకలై పోయింది.

ఆమె, ఆమె కూతురు కలిసి ఉన్న ఫోటో అదొక్కటే. ఆ పిల్ల గురజాలలో నా దగ్గర ఏడో తరగతి చదివింది. ఆ ఏడాదే జ్వరంతో పోయింది.

“నీ కాడ ఉందిగా వదినా, బడి ఫంక్షన్‌కి తీసుకున్నావుగా. పెద్దది చేయించి పన్నెండు అంగుళాల ఫ్రేము కట్టిస్తా. సుద్దముక్కలు కూడా లెక్కబెట్టి దాచే మనిషివి, నాకేం దిగులు!”

ఉందన్నాను. అన్నాక గుర్తొచ్చింది.

రెండేళ్ల కిందట పాత విద్యార్థుల సభకు నలభై ఎనిమిది ఫోటోలు సేకరించాను. నరసరావుపేట స్టూడియోలో స్కాన్ చేయించి, ల్యాప్‌టాప్‌లో ప్రజెంటేషన్ నేనే తయారుచేశాను. తొమ్మిది రోజుల్లో అందరి ఫోటోలూ వాళ్లకు ఇచ్చి సంతకాలు తీసుకున్నాను. సభ అయ్యాక, ఒకే వస్తువు రెండు చోట్ల ఎందుకని స్కాన్లు చెరిపేశాను. ఇక మిగిలింది ప్రజెంటేషన్ ఒక్కటే. అందులో పిల్ల మాత్రమే కనిపిస్తుంది. సభ విద్యార్థులది కదా అని తల్లిని కత్తిరించాను.

నరసరావుపేట బస్సులో వదిన నా పక్కనే కూర్చుంది. ఆ మాట చెప్పడానికి సత్తెనపల్లి దాకా నోరు రాలేదు. దాటాక కూడా రాలేదు.

స్టూడియో నడిపే ఆవిడ నేను తెచ్చిన ప్రజెంటేషన్ ఫైలు తెరిచింది.

“స్కాన్లు మేము ఉంచుకోమండీ. తెరను ఫోటో తీసి ప్రింటేస్తే మసకగా వస్తది. లోపలి బొమ్మ బయటికి లాగాల.”

“దీంట్లో... ఒక పక్క కత్తిరించాను,” అన్నాను, వదిన వైపు చూడకుండా.

“కత్తిరిస్తే ఏంగాదు. అది పైకి కనపడకుండా దాస్తది, అంతే. అసలు బొమ్మ లోపల అట్నే ఉంటది.”

“ఇన్నావా వదినా, నేను లోపలే ఉన్నానంట!” అని వదిన నవ్వింది. అప్పుడు ఆమె వైపు చూశాను.

ఆవిడ ఫైలుకు ఇంకో నకలు తీసి, పేరు చివర జిప్ అని మార్చి, మూట విప్పినట్టు తెరిచింది. లోపల ఒక ఫోల్డరులో నలభై ఎనిమిది బొమ్మలూ వరుసగా ఉన్నాయి. నలభై ఏడు ఒక్కోటి రెండు ఎంబీలకు పైనే. ఒకటి మాత్రం నలభై కేబీ. తెరిచింది. పిల్ల ఒక్కతే ఉంది.

“దీన్నెవరో కుదించారండీ.”

ఎవరో నాకు తెలుసు. సభకు ముందు ఫైలు మెయిల్లో వెళ్లకపోతే, బొమ్మల బరువు తగ్గించే మీట ఒకటి వెతికి నొక్కాను. ఈమెయిల్‌కు సరిపోయే సైజు ఎంచుకున్నాను. కింద రెండు గడులున్నాయి. ఒకదానిలో టిక్ ఉంది, రెండోది ఖాళీ. ఫారంలో ఖాళీ గడి వదలకూడదని ముప్పై నాలుగేళ్లు పిల్లలకు చెప్పినదాన్ని. చదవకుండానే టిక్ పెట్టాను. ఆవిడ ఇప్పుడు చదివి చెప్పింది. మొదటిది, ఈ ఒక్క బొమ్మకే వర్తించాలి. రెండోది, కత్తిరించిన భాగాలు తీసేయాలి. అప్పుడు నా చేతి కింద ఉన్నది ఈ బొమ్మే. ఇంత చేసినా మెయిల్ వెళ్లలేదు, చివరికి పెన్‌డ్రైవ్‌లో పట్టుకుపోయాను.

“వదినా, నిన్ను తీసేసింది నేనే,” అన్నాను.

ఆమె తెర దగ్గరకు వంగింది.

“దాని భుజం మీద నా చెయ్యి ఉండాల. ఉందా?”

“వేళ్లున్నాయి.”

“ఎన్ని?”

లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. “మూడు.”

“అయితే తీయించు. నువ్వట్టా మళ్లీమళ్లీ లెక్కబెట్టబాకు, మనుషులు చూస్తన్నారు.”

ఆ బొమ్మ వెడల్పు మూడు వందల ఎనభై నాలుగు చుక్కలు, అదే పిక్సెళ్లు. శుభ్రమైన ప్రింటుకు అంగుళానికి మూడు వందల చుక్కలు కావాలి. అంగుళంపావు ప్రింటు తీయించాం. వదిన దాన్ని పర్సులో పెట్టుకుంది.

పోయినవి: తల్లి ముఖం. ఆమె కట్టుకున్న చీర. ఆ చేతి రెండు వేళ్లు. పిల్ల జడ రిబ్బను ఒకటి. పన్నెండు అంగుళాల ఫ్రేములో పదిముప్పావు అంగుళాలు.