ఇసుక దీవిలో ఐలేసా

రెండువేల సంవత్సరం రాగానే లోకంలోని కంప్యూటర్లన్నీ మొరాయిస్తాయని ఎవరో భయపెట్టిన పుణ్యాన మాబోటి వాళ్లకు ఉద్యోగాలు దొరికిన రోజులవి. ఆ రోజుల్లోంచి ఒక మహాకావ్యం చెప్పబోతున్నాను. ఇందులో సముద్రం ఉంది, కీకారణ్యం ఉంది, విరహం ఉంది, నేలలో దిగబడిన రథచక్రం కూడా ఉంది. (కావ్యం అన్నాను గానీ, ముగ్గురు ప్రోగ్రామర్లు ఒక టూరు బస్సును వెనకనుంచి తోసిన సంగతి ఇది. ముందే చెప్పడం మర్యాద.)

బ్రిస్బేన్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్లం: నేను, హైదరాబాదు భాయ్, వరంగల్ నుంచి వచ్చిన మా పెళ్లికొడుకు. తాళి కట్టిన వారానికే విమానం ఎక్కేశాడు కాబట్టి ఆ పేరు ఖాయమైపోయింది. ఇన్నాళ్లకు వాళ్లావిడకు వీసా వచ్చింది. ఆదివారం తెల్లవారేసరికి దిగుతుంది. ఒంటరిగా రావడం, విమానం ఎక్కడం అన్నీ ఆమెకు మొదటిసారే. దిగగానే ఎదురుగా మొగుడు కనిపించాలి, అంతే. మొగుడు మాత్రం రెండు రోజులుగా ఊడ్చిన ఇల్లే ఊడుస్తున్నాడు. భాయ్‌కి ఓపిక నశించి, "ఈన్ని ఎక్కడికైనా తీస్కపోదాం భాయ్, లేకుంటే కార్పెట్ అరిగిపోతది" అన్నాడు. అలా శనివారం పొద్దున్నే ముగ్గురం ఇసుకలో అడవి మొలిచిన ఒక దీవికి, గైడుతో పాటు ఒక్కరోజు యాత్రకు బయల్దేరాం.

సాయంత్రం ఆఖరి పడవ తప్పితే రాత్రికి దీవిలోనే పడుకోవాలని గైడు నవ్వుతూ చెప్పాడు. బస్సంతా నవ్వింది, మావాడు తప్ప. ఉత్త ఇసుక మీద అంతంత చెట్లు ఎలా నిలబడ్డాయో గైడు వివరిస్తుంటే మావాడు చెయ్యెత్తి పడవ ఎన్నింటికని అడిగాడు. మంచినీళ్ల సరస్సులో అందరూ ఈదుతుంటే గట్టున నిలబడి మళ్లీ అదే అడిగాడు.

తిరిగొస్తుండగా అడవి దారిలో బస్సు దిగబడింది. చక్రాలు తిరిగేకొద్దీ లోపలికి పోతున్నాయి. బస్సు నడుపుతున్న గైడే పార పట్టుకుని దిగి "నో వరీస్" అన్నాడు. (ఆ దేశంలో ఆ మాట వినబడితే కంగారు పడాలని అప్పటికే నేర్చుకున్నాం.) తోటి ప్రయాణికులు దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. మా ఊళ్ల వైపు బస్సు ఆగిపోతే దిగి తొయ్యడం ప్రయాణికుడి ధర్మం. కండక్టరు అడగడు, ఊరికే మన వంక చూస్తాడు. ఇక్కడ ఎవరూ చూడకపోయినా నేనూ భాయ్ ప్యాంట్లు మడిచి వెనక్కి వెళ్లాం.

"ఎట్లరా? ఆమె దిగేటాల్లకు నేను లేకుంటె ఏడుస్తది" అన్నాడు పెళ్లికొడుకు.

"ఏడవదు. నిన్ను చూశాక ఏడుస్తుంది. ముందుకెళ్లి నిలబడు, చెట్టేదైనా అడ్డొస్తే చెప్పు" అన్నాను.

నేను ఐలేసా అందుకున్నాను. భాయ్ పలికాడు. మూడోసారికి ఒక జర్మనీ ఆయన కెమెరా మెడలో వేసుకుని వచ్చి భుజం ఆనించాడు. తర్వాత ఇద్దరు జపాను అమ్మాయిలు, ఆ తర్వాత బస్సులోని వాళ్లంతా. అడవి మొత్తం ఐలేసా. బస్సు ఒక్కసారి ఊగి, గుర్రుమని, గట్టి నేల దాకా పరుగెత్తింది. వెనకే మేమంతా, కేకలతో, ఊరేగింపులా. జర్మనీ ఆయన నా చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. (ప్రోగ్రాము సరిగ్గా నడిచినందుకు నాకెవరూ ఎప్పుడూ కొట్టలేదు.)

ఆఖరి పడవ దొరికింది. తెల్లవారి విమానాశ్రయంలో ఆమె ట్రాలీ తోసుకుంటూ వచ్చి, మొగుడి జుట్టులోంచి రాలుతున్న ఇసుక చూసి, "ఇదేంది, కంప్యూటర్ నౌకరి అన్నరు గద?" అంది. వాడు ఆ వారంలో మొదటిసారి నవ్వాడు. ఒక కాపురాన్ని ఈ రెండు చేతులతో కలిపానని నా ఛాతీ ఉప్పొంగింది.

ఏళ్ల తరబడి, ఎవరింట్లో బార్బీ (ఇక్కడ బార్బెక్యూ విందుకు ముద్దుపేరు) జరిగినా ఈ విజయగాథ చెప్పాను. మొన్నామధ్య, సిడ్నీకి మారాక, నేనే ఇసుకలోనైనా నడిచే ఒక ఫోర్‌వీల్ డ్రైవ్ కొన్నాను. (అది ఇంతవరకూ మనవాళ్ల పేట హారిస్ పార్క్‌లోని మిఠాయి కొట్టు దాటలేదు.) గొప్ప చెప్పుకుందామని పెళ్లికొడుక్కి ఫోన్ చేస్తే, "ఇసుకల దిగవడితె తొయ్యకు రా" అన్నాడు. "ఆనాడు గూడ మీరు తోస్తె రాలే. నేను ముందట్నే ఉన్న గద. గైడు టైర్లల్ల ఇంకింత గాలి తీసిండు, బండి వచ్చింది."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేంరా?"

"నువ్వు గంత మంచిగ చెప్తుంటివి. మా ఇంటామె గూడ గదే నమ్మింది."

ప్యాంటు మడిచి అడవిని హోరెత్తించిన ఆ కుర్రాణ్ని తలుచుకుంటే కోపం రాదు, ముచ్చటేస్తుంది. ఇంతకీ, ఇసుకలోకి వెళ్లే ముందు టైర్లలో గాలి తగ్గించుకోవాలి. తారురోడ్డు ఎక్కగానే మళ్లీ నింపుకోవాలి. పెట్రోలు బంకులో గాలి ఉచితం.