నాలుగు పొయ్యిల ఇల్లు

మా పెద్దమ్మ పోయి పదహారు రోజులైంది. ఏ వేళకు పోయిందో మాలో ఎవరికీ తెలియదు. ఆ రోజు కాఫీ నా దగ్గర తాగి ఉంటుందని తమ్ముళ్లు, తమ్ముళ్ల దగ్గర తాగి ఉంటుందని నేను అనుకున్నాం. వరండాలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మధ్యాహ్నం పన్నెండు దాటేదాకా మూడు సంసారాలవాళ్లం ఆ మంచం పక్కనుంచే నడిచాం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆమె గురించి రాయాలంటే ఇక్కడే మొదలుపెట్టాలి.

పెద్దమ్మ మా నాన్న అన్నగారి భార్య. ఆమెకు పిల్లల్లేరు. నా ఎనిమిదో ఏట మా అమ్మ పోతే, మా ముగ్గురన్నదమ్ములనీ తనే పెంచింది. ఎసరు కాగాక ఇంట్లోవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పైకి అంటూ, పేరుకో గ్లాసు చొప్పున బియ్యం పోసేది. పడవలో వేటకు పోయినవాళ్ల పేర్లూ అందులో ఉండేవి. చివర్లో "ఎవురో ఒకరు" అని ఇంకో గ్లాసు. ఆ ఎవరో ఒకరు తరచూ వచ్చేవారు కూడా. ముగ్గురు కోడళ్లొచ్చాక కూడా బియ్యం పోసే పని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. నెల్లూరులో చదువుకునేటప్పుడు సెలవుల్లో చెప్పకుండా వచ్చినా, నాకు అన్నం తక్కువైన రోజు లేదు.

ప్రభుత్వం రేషన్ కార్డుకొక ఇంటి స్థలం ఇస్తుందని తెలిసినప్పుడు, ఉన్న ఒక్క కార్డునీ నాలుగు చేద్దామన్నది నేనే. మా ముగ్గురికీ మూడు, పెద్దమ్మకొకటి. చదువుకున్నవాణ్ణి కదా, తెలివి పొంగింది.

"నన్నేందిరా ఒంటిదాన్ని చేసి రాస్తా ఉండావు?" అంది.

"కాగితం మీదే పెద్దమ్మా. ఇంట్లో ఏం మారదు."

"ఆ సంగతి కాగితానికి చెప్పినావా?"

అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు.

విడివిడిగా వండుకుంటున్నామో లేదో చూడటానికి ఆఫీసువాళ్లు వస్తారన్నారు. నాలుగు చోట్ల ఇటుకలు పేర్చాం. కొత్త ఇటుకలు చూస్తే మోసం తెలిసిపోతుంది, మసి పట్టాలి. అందుకని ఆ నాలుగు పొయ్యిల మీదే వండటం మొదలుపెట్టాం. ఇవాళ వస్తారు, రేపు వస్తారు అంటూ నెల గడిచింది. వచ్చి చూసి, రాసుకుని పోయారు. మర్నాడు పొద్దున పెద్దమ్మ అటక మీది పెద్ద గిన్నె దించి, కడిగి, ఎసరు పెట్టుకుని కూర్చుంది. తన వాటా బియ్యం పట్టుకుని ఏ కోడలూ రాలేదు. చిన్న మరదలికి పులుపు తగ్గించి వండుకోవడం అలవాటైంది. నా భార్యకు తొందరగా పని తెమలడం బాగుంది. ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు. పోట్లాడి ఉంటే పెద్దమ్మ సర్దేదే. నీళ్లు మరిగి మరిగి సగమయ్యాక తనే దించుకుంది. నేను గుమ్మంలో నిలబడి చూసి, నా పని మీద వెళ్లిపోయాను. అది నా తప్పు.

ఇచ్చిన స్థలాలు రొయ్యల గుంటల మధ్య, ఉప్పు నేలలో ఉన్నాయి. ఎవరం కట్టుకోలేదు. పొయ్యిలు మాత్రం నాలుగుగానే మిగిలాయి. గ్యాస్ వచ్చాక నాలుగు సిలిండర్లయ్యాయి. పెద్దమ్మ తన పొయ్యి ఎప్పుడో మానేసింది, ఎవరు పిలిస్తే అక్కడ తినేది. వరండాలో కూర్చుని గాలి పీల్చి, "ఒక ఇంట్లోనే మూడు పులుసుల వాసన వస్తా ఉండాది. ఇది మంచిది కాదురా అబ్బయ్యా," అనేది. దేనికి మంచిది కాదో చెప్పేది కాదు. ముసలితనం అనుకునేవాళ్లం.

మరణ ధ్రువపత్రం కోసం వెళ్తే, ఆఫీసులో అమ్మాయి కంప్యూటర్ చూసి అడిగింది.

"ఈమె కార్డులో ఈమె ఒక్కతే ఉండాది సార్. మీరేమవుతారు?"

"కొడుకుని."

"మీ అమ్మ పేరు వేరే ఉండాదే. ఈమెకి పిల్లలు లేరని రాసుండాది." దయగానే అంది. "పక్కింటోళ్లుగా పెట్టండి సార్, పనైపోతుంది."

పక్కింటివాడి గడిలో సంతకం చేశాను. నన్ను పెంచినామె అని అరవాలనిపించింది, కానీ ఆ గళ్లన్నీ నేను గీయించినవే.

పదకొండో రోజు దినం అయ్యాక మంచం బయట పడేశాం. మర్నాడు పొద్దున లేచి వచ్చేసరికి, ఖాళీ అయిన వరండాలో నా కొడుకులిద్దరూ వంగి ఉన్నారు. పెద్దవాడికి పెళ్లయింది, చిన్నవాడికి సంబంధాలు చూస్తున్నాం. ఇనప టేపు ఈ గోడ దగ్గర పెద్దవాడు పట్టుకున్నాడు, ఆ గోడ దగ్గర చిన్నవాడు. వాళ్ల మధ్య కోపం ఏమీ లేదు, నవ్వుకుంటూనే ఉన్నారు.

"ఏం చేస్తా ఉండారురా?" అన్నాను.

"ఏం లేదు నాయనా, మధ్య గోడకి కొలత చూస్తా ఉండాము," అన్నాడు చిన్నవాడు. "నువ్వు కొంచెం పక్కకి జరుగు. టేపుకి అడ్డం వస్తా ఉండావు."

జరిగాను.